ఉత్తర కోస్తా ఇంటికి ఏ కప్పు మేలు: కలర్ రేకు, మంగుళూరు పెంకు, తెల్లపూత వేసిన స్లాబు

ఇంటి కప్పుకు సామాను కొనడానికి దుకాణానికి వెళితే ముందుగా ధర చెబుతారు, ఆ తర్వాత రంగుల పట్టీ చూపిస్తారు. ఆ ఇల్లు ఏ ఊళ్లో ఉంది, సముద్రానికి ఎంత దూరం, చుట్టూ చెట్లూ మేడలూ ఉన్నాయా లేక బయలు ప్రదేశమా అని అడిగే వ్యాపారి అరుదుగా కనిపిస్తాడు. మొదట తేల్చుకోవలసిన విషయం మాత్రం అదే. హైదరాబాదులో చాలాకాలం చెక్కుచెదరకుండా ఉన్న రేకు భీమిలిలో త్వరగా తుప్పు పట్టవచ్చు. అనంతపురంలో తరతరాలుగా చల్లగా ఉంచిన మట్టి మిద్దె కళింగపట్నంలో ఒక్క వానాకాలానికి కూడా ఆగకపోవచ్చు. విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం దాకా సముద్రానికి దగ్గరగా ఇల్లు కట్టుకుంటున్నవారినీ, ఉన్న డాబా మీద ఒక గది వేసుకోవాలనుకుంటున్నవారినీ దృష్టిలో పెట్టుకొని, ఇక్కడ సులభంగా దొరికే మూడు రకాల కప్పులను ఈ సమీక్షలో పరిశీలిస్తున్నాను. ఈ తీరంలో ఉంటూ, కప్పులు వేసే మేస్త్రీలతోనూ వెల్డర్లతోనూ మాట్లాడుతూ, తుఫానుల తర్వాత ఏవి నిలిచాయో ఏవి లేచిపోయాయో గమనిస్తూ ఏర్పరచుకున్న అభిప్రాయాలివి.

మన వాతావరణం కప్పును మూడు వైపుల నుంచి పరీక్షిస్తుంది. మొదటిది ఎండ. రెంటచింతలలోనో రామగుండంలోనో నమోదయ్యేంత ఉష్ణోగ్రత మన తీరంలో సాధారణంగా ఉండదు. కానీ గాలిలో తేమ ఎక్కువ కావడం వల్ల రాత్రి కూడా వాతావరణం తగినంత చల్లబడదు, అందువల్ల పగలు వేడెక్కిన కప్పు తెల్లవారేలోపు తన వేడిని వదిలించుకోలేదు. రెండవది గాలి. మూడవది ఉప్పు. వేసవిని మాత్రమే మనసులో పెట్టుకొని కప్పు ఎంచుకునేవారు చివరి రెండింటినీ మరచిపోతారు, ఇంటికి అసలు నష్టం వాటి వల్లనే జరుగుతుంది.

గాలి సంగతి ముందుగా లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే మిగిలిన ఎంపికంతా దానిమీద ఆధారపడి ఉంటుంది. భవనాల మీద గాలి ఒత్తిడిని నిర్ణయించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగం విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్ల మూల వేగాన్ని సూచిస్తుంది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు ఇది సెకనుకు 44 మీటర్లు. ఆ 180 కేవలం కాగితం మీది అంకె కాదని 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మనమంతా చూశాము. ఆ వేగంతో వీచే గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బలం చూపుతుంది. పది బై పన్నెండు అడుగుల మామూలు గదిని తీసుకుంటే, దాని కప్పు మీద ఈ బలం మొత్తం దాదాపు 1,700 కిలోలు అవుతుంది. గాలి కప్పును కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. వాలు తక్కువగా ఉన్న కప్పు మీద అది ప్రధానంగా పైకి లాగుతుంది, చూరు దగ్గర, మూలల్లో, నడికొప్పు వెంబడి ఆ లాగుడు మిగతా చోట్ల కంటే చాలా తీవ్రంగా ఉంటుంది. ఇప్పుడు అదే గదికి ఏ కప్పు ఎంత బరువు ఉంటుందో చూడండి: అర మిల్లీమీటరు ఉక్కు రేకులు 50 కిలోలకు కాస్త అటూ ఇటూ, మంగుళూరు పెంకులు సుమారు 450 కిలోలు, అయిదు అంగుళాల కాంక్రీటు స్లాబు దాదాపు 3,500 కిలోలు. అంటే స్లాబు తన బరువుతోనే నిలబడుతుంది. పెంకుకు కట్టుదిట్టం కావాలి. రేకు మాత్రం పూర్తిగా తన స్క్రూల మీద, దాని కింద అడ్డంగా ఉండి రేకును మోసే పట్టీల (పర్లిన్ల) మీద, ఆ పర్లిన్లను గోడకు పట్టి ఉంచే బోల్టుల మీద ఆధారపడి బతుకుతుంది.

రేకుల విషయంలో ఎక్కువసేపు ఆగవలసి ఉంది, ఎందుకంటే ఇప్పుడు డాబాల మీద, షెడ్ల మీద, కొత్తగా వేస్తున్న గదుల మీద ఎక్కడ చూసినా అవే కనిపిస్తున్నాయి. టాటా బ్లూస్కోప్, జేఎస్‌డబ్ల్యూ వంటి పెద్ద కంపెనీల రేకులతోపాటు పేరు లేని రేకులు కూడా ఒకే దుకాణంలో పక్కపక్కన దొరుకుతాయి. పైకి చూస్తే తేడా తెలియదు. తేడా మూడు చోట్ల ఉంటుంది. మొదటిది మందం. దుకాణంలో 0.50 అని చెప్పే మందం ఉక్కు మందమా, లేక ఉక్కు మీది లోహపు పూతనూ రంగునూ కలిపిన మొత్తం మందమా అన్నది తప్పక అడగాలి. మొదటిదాన్ని బీఎంటీ అనీ రెండవదాన్ని టీసీటీ అనీ అంటారు. పూతలన్నీ తీసివేస్తే లోపలి ఉక్కు 0.50 కంటే గణనీయంగా తక్కువ ఉంటుంది, రేకు బలం ఆ ఉక్కులోనే ఉంటుంది. రెండవది లోహపు పూత. జింకు పూసిన మామూలు రేకులో చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 120 గ్రాముల జింకు ఉండవచ్చు, 275 గ్రాములు ఉండవచ్చు. ఈ రెండింటి ఆయుష్షు ఒకటి కాదు. సముద్రం దగ్గర నేను సిఫారసు చేసేది అల్యూమినియం, జింకు కలిపిన పూత, అందులో సుమారు 55 శాతం అల్యూమినియం ఉంటుంది. దాన్ని గాల్వాల్యూమ్ అంటారు. బిల్లు మీద, రేకు అడుగున ముద్రించిన వరుసలో ఏజెడ్ 150 అన్న గుర్తు ఉండాలి, అంటే చదరపు మీటరుకు 150 గ్రాముల పూత. దానిమీద రంగు వేసిన రేకుకు ఐఎస్ 15965 అన్న ప్రమాణం ఉంది. రేకు అడుగున ఏ ముద్రా లేకపోతే, ధర ఎంత తక్కువైనా సముద్రానికి దగ్గరలో ఉన్న ఇంటికి దాన్ని కొనవద్దు.

మూడవది రంగు. నీలం, ముదురు ఎరుపు, ఆకుపచ్చ రేకులే మన వీధుల్లో ఎక్కువగా అమ్ముడుపోతున్నాయి, ఎందుకంటే దూరానికి అందంగా కనిపిస్తాయి. ముదురు రంగు తన మీద పడిన ఎండలో అత్యధిక భాగాన్ని లోపలికి తీసుకుంటుంది. తెలుపు, లేత మీగడ రంగు రేకులు అందులో ఎక్కువ భాగాన్ని వెనక్కి పంపుతాయి. రంగు మార్చడానికి దాదాపు అదనపు ఖర్చు ఉండదు, ఇంటి లోపల మాత్రం ఆ తేడాను ప్రతి మధ్యాహ్నం అనుభవిస్తారు. రంగు వేయని మెరిసే రేకు ఇంకా చల్లగా ఉంటుందని కొందరు నమ్ముతారు. అది ఎండను బాగా ప్రతిఫలింపజేసే మాట నిజమే, కానీ ఒకసారి పుట్టిన వేడిని ఆకాశంలోకి వదలడంలో మెరిసే లోహం చాలా బలహీనం, కాబట్టి అది ఎండలో ముట్టుకోలేనంతగా కాలుతుంది. లేత రంగు పూసిన రేకు ఎండను తిప్పికొట్టడంతోపాటు మిగిలిన వేడిని కూడా వదిలేస్తుంది.

రేకును ఉప్పు ముందుగా ఎక్కడ పట్టుకుంటుందో గమనిస్తే, వేసే పద్ధతిలో ఏం కోరాలో తెలుస్తుంది. వాన కడిగే పైభాగం కంటే, వాన తగలని చూరు అడుగుభాగం ముందుగా చెడుతుంది, ఎందుకంటే గాలి మోసుకొచ్చిన ఉప్పు అక్కడే పేరుకొని తేమను పట్టి ఉంచుతుంది. వేసవిలో ఒకటి రెండుసార్లు మంచినీళ్ల పైపుతో ఆ అడుగుభాగాన్ని కడిగితే రేకు ఆయుష్షు నిజంగానే పెరుగుతుంది. తర్వాత చెడేవి స్క్రూలు. మంచి రేకు కొని, దాన్ని నాసిరకం స్క్రూలతో బిగించిన ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. స్క్రూ తల చుట్టూ ఎర్రటి వలయం కనిపించిందంటే అక్కడ రేకుకు బొక్క పడబోతోందని అర్థం. వాషరు మంచి ఈపీడీఎం రబ్బరుదై ఉండాలి, దాన్ని నలిగిపోయేంతగా బిగించకూడదు. ఇక రేకును కోసే పని. నిప్పురవ్వలు చిమ్మే కటింగ్ మెషీన్‌తో రేకు మీదనే కోస్తే, ఆ రవ్వలు రంగులో దిగబడి కొద్ది వారాల్లోనే చుక్కలు చుక్కలుగా తుప్పు మొదలవుతుంది. కత్తెరతోనో నిబ్లర్‌తోనో కోయమని, రేకులను వీలైనంత వరకు కావలసిన పొడవుకే తెప్పించమని పని అప్పగించేటప్పుడే చెప్పాలి. తడి సిమెంటు, సున్నం ఈ పూతను తినేస్తాయి, కాబట్టి గోడకూ రేకుకూ మధ్య సందును సిమెంటు మాలుతో పూడ్చడం మన ప్రాంతంలో అలవాటే అయినా మానుకోవలసిన అలవాటు. అక్కడ అదే రంగు రేకుతో చేసిన, సందును కప్పే పట్టీ (ఫ్లాషింగ్) వేసి సీలెంటు పెట్టించాలి. వారంటీ పత్రాన్ని కూడా చివరి వరకు చదవండి. సముద్ర తీరానికి ఇంత దూరం లోపల వర్తించదన్న షరతు అందులో తరచుగా ఉంటుంది.

గాలి విషయంలో రేకుకు కావలసినవి స్పష్టంగా ఉన్నాయి. చూరు వరుసలోనూ, రెండు పక్కల అంచుల్లోనూ, నడికొప్పు దగ్గరా స్క్రూలు మధ్య భాగంలో కంటే దగ్గర దగ్గరగా ఉండాలి, అక్కడ పర్లిన్ల మధ్య దూరం కూడా తగ్గాలి. చూరును ఒకటిన్నర అడుగు కంటే బయటికి చాపకపోవడం మంచిది. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వైపులా వాలిన కప్పు గాలికి బాగా తట్టుకుంటుంది, వాలు 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే పైకి లాగే బలం తగ్గుతుంది. ఈ తీరంలోని పాత చుట్టిళ్లను కట్టినవారికి ఈ సంగతి బాగా తెలుసు: గుండ్రని గోడ, అన్ని వైపులా వాలిన కప్పు, మనిషి వంగి లోపలికి వెళ్లేంత కిందికి దిగిన చూరు. ఎంతో ఓర్పుతో గాలిని అర్థం చేసుకున్నవారి కట్టడం అది, ఈనాటి రేకుల షెడ్డు వేసే వెల్డరు దానినుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, ఒట్టి రేకు కింద మనుషులు నివసించడం కష్టమే. మధ్యాహ్నం కప్పు నుంచి వేడి నేరుగా తల మీదికి దిగుతుంది, జడివానలో మాట వినిపించదు. రేకు కింద వెండి రంగు ఫాయిల్ వేయిస్తారు కానీ, దానికి కనీసం ఒక వైపున గాలి ఖాళీ ఉంటేనే అది పనిచేస్తుంది. రేకుకూ సీలింగుకూ మధ్య ఇరికిస్తే వేసిన ఖర్చు వృథా. మధ్యలో నురుగు నింపిన పఫ్ ప్యానెల్ నిజంగా చల్లగా ఉంచుతుంది, చప్పుడు కూడా తగ్గిస్తుంది, అయితే మామూలు రేకు కంటే ధర చాలా ఎక్కువ. కాబట్టి రేకును నేను వాహనాల షెడ్డుకు, ధాన్యం కొట్టుకు, పశువుల పాకకు సిఫారసు చేస్తాను. నిద్రపోయే గదికి కాదు.

సిమెంటు రేకుల గురించి రెండు మాటలు చాలు. చవక, తుప్పు పట్టవు, మన ఊళ్లలో అందరికీ అలవాటు. కానీ చాలా వాటిలో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. దాన్ని కోసినప్పుడు, రంధ్రం చేసినప్పుడు, తుఫానులో పగిలినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సర్ కలిగిస్తుందని వైద్యశాస్త్రం నిస్సందేహంగా తేల్చింది, ఎన్నో దేశాలు దాన్ని నిషేధించాయి. ఆస్‌బెస్టాస్ లేని సిమెంటు రేకులు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి, తప్పనిసరైతే అవే అడగండి. అయినా అవి కొద్దికాలానికి పాచి పట్టి నల్లబడతాయి, అప్పుడు ముదురు రంగు రేకుకు ఉన్న దోషమే వాటికీ వస్తుంది. పాత రేకులను తీయవలసి వస్తే పగలగొట్టకుండా, నీళ్లు చల్లి తడిపి, మూతికి మాస్కు కట్టుకొని విడదీయించాలి.

మంగుళూరు పెంకు నాకు ఇష్టమైన కప్పు, ఆ ఇష్టం వల్ల దాని లోపాలను తక్కువ చేసి చెప్పకుండా జాగ్రత్త పడుతున్నాను. 1865లో బాసెల్ మిషన్ మంగుళూరులో మొదలుపెట్టిన కార్ఖానా నుంచి ఈ పెంకు దక్షిణాదికంతా పాకింది. మన తీరంలో గూనపెంకుల స్థానాన్ని చాలావరకు అదే ఆక్రమించింది. ఉక్కపోత ప్రాంతానికి దీనికి మించిన కప్పు అరుదు. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి వెళ్లిపోతుంది, పెంకుకు స్లాబులా వేడిని దాచుకునే బరువు లేదు కాబట్టి సూర్యాస్తమయం తర్వాత కొద్దిసేపటికే చల్లబడుతుంది, ఉప్పు దాన్ని ఏమీ చేయలేదు, ఒక పెంకు పగిలితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. చదరపు మీటరుకు 15 పెంకులు అవసరమవుతాయి. కొనేటప్పుడు రెండు పెంకులను ఒకదానితో ఒకటి తట్టి చూడండి. కంచు మోగినట్టు మోగితే బాగా కాలినట్టు, మొద్దుగా పలికితే నీళ్లు పీలుస్తుందన్నమాట.

దీని బలహీనత గాలి దగ్గరే ఉంది. పెంకు కప్పు మధ్యభాగం బాగానే నిలుస్తుంది, కానీ చూరు వరుస ఒకసారి లేచిందంటే దాని వెనుక వరుసలు ఒకదాని తర్వాత ఒకటి ఊడిపోతాయి. చూరు నుంచి రెండు మూడు వరుసలు, పక్క అంచులు, నడికొప్పు పెంకులు తప్పనిసరిగా రాగి తీగతోనో స్టెయిన్‌లెస్ స్టీలు తీగతోనో రీపర్లకు కట్టించాలి. పెంకు అడుగున అందుకోసమే చిన్న రంధ్రం ఉన్న ముక్కు ఉంటుంది. మామూలు ఇనుప తీగ మన గాలికి త్వరగా తెగిపోతుంది. వాసాలను గోడ మీది బెల్టు బీముకు బోల్టులతో బిగించాలి. కోతులు తిరిగే ఊళ్లలో ఈ కప్పు బాగోగులు చూసుకోవడం నిజంగా కష్టం. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది పనివాళ్లది: పెంకు సర్దడం తెలిసినవారు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు, దొరికినవారికి ముందుగానే మాట చెప్పి ఉంచుకోవాలి.

ఇక స్లాబు. గాలి లెక్కలో అది తిరుగులేనిది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస ప్రాంతాన్ని కుదిపేసినప్పుడు జనం పరుగెత్తింది స్లాబు వేసిన ఇళ్లలోకే, బడుల్లోకే. కాబట్టి తీరంలో ప్రతి ఇంట్లోనూ కనీసం ఒక గదికైనా స్లాబు ఉండాలన్నది నా దృఢమైన అభిప్రాయం. కానీ నల్లబడిన ఒట్టి స్లాబు కింద మే నెల రాత్రి నిద్రపట్టదు. ఇక్కడ రాయలసీమతో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. అనంతపురం మట్టి మిద్దె కూడా బరువైన కప్పే; దూలాలు, దంతెల మీద మందంగా మట్టి పరచి, పైన చౌడు మట్టి వేస్తారు, ఆ చౌడు తడవగానే సందులు మూసుకొని నీటిని జారిపోనిస్తుంది. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఆ నేలకు అది చాలు, పైగా పొడిగాలి వల్ల రాత్రి చల్లబడుతుంది కాబట్టి మిద్దె తన వేడిని వదులుకోగలదు. మన దగ్గర వాన దానికి దాదాపు రెట్టింపు, రాత్రికి చల్లదనం లేదు. అందువల్ల మన స్లాబుకు వేడిని ఆలస్యం చేసే మందం కంటే, అసలు వేడిని లోపలికి రానివ్వని తెల్లదనం ముఖ్యం.

తెలంగాణ ప్రభుత్వం 2023 నుంచి 2028 వరకు అమలయ్యేలా చల్లని కప్పుల (ఎండను తిప్పికొట్టే కప్పుల) విధానాన్ని ప్రకటించి, ప్రభుత్వ, వాణిజ్య భవనాలతోపాటు 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు కూడా దాన్ని తప్పనిసరి చేసింది. అంతకుముందు 2017లో హైదరాబాదు దేవరకొండ బస్తీలో పాతిక చిన్న ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరచి పరీక్షించినప్పుడు, లోపలి గాలి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలంటే కొద్దిగానే అనిపించవచ్చు; ఫ్యాను గాలి వేడిగా తగలడానికీ హాయిగా తగలడానికీ మధ్య తేడా దాదాపు అంతే.

తెల్లపూతల్లో అన్నిటికంటే చవకైనది సున్నం. బాగా నానిన సున్నంలో జిగురు కలిపి రెండు మూడు కోటింగులు వేస్తే కొత్తలో ఎండను తిప్పికొట్టడంలో ఖరీదైన పెయింటుకు ఏమాత్రం తీసిపోదు, కానీ మన వానలకు ఒక ఏడాదిలోనే కొట్టుకుపోతుంది. ఏటా మార్చిలో ఓపికగా వేసుకోగలవారికి అదే చాలు. రెండవది అక్రిలిక్ కూల్ రూఫ్ పెయింటు. ఎండను తిప్పికొట్టి వేడిని వదిలే శక్తిని తెలిపే ఎస్ఆర్ఐ అన్న అంకెను డబ్బా మీద చూడండి, చదును కప్పుకు 78కి తగ్గకూడదు. ఎంత మందం వేయాలో, ఒక లీటరు ఎన్ని చదరపు అడుగులకు వస్తుందో కూడా రాసి ఉంటుంది, దానికంటే పలుచగా లాగితే ఆ అంకె చెల్లదు. తీరంలో దీని శత్రువు పాచి. తేమకు ఒక్క వానాకాలంలోనే తెల్లదనం మసకబారుతుంది, కాబట్టి పాచిని అడ్డుకునే గుణం ఉందని రాసిన పెయింటునే ఎంచుకొని, ప్రతి వేసవికి ముందు చీపురుతో రుద్ది కడగాలి. మూడవది తెల్ల పింగాణీ ముక్కల పరుపు. బాగా వేయిస్తే ఎన్నో ఏళ్లు ఉంటుంది, కడిగితే మళ్లీ తెల్లగా అవుతుంది, దాని మీద నడవవచ్చు, బట్టలు ఆరేయవచ్చు. స్తోమత ఉన్నవారికి, కొత్తగా స్లాబు వేస్తున్నవారికి నా మొదటి సిఫారసు ఇదే. అయితే పాత స్లాబు మీద అదనపు బరువు పడుతుంది కనుక ముందుగా ఇంజనీరుకు చూపించాలి.

ఏ పూత వేసినా స్లాబు కారుతుంటే ముందు దాన్ని బాగుచేయాలి. పగుళ్లను తెరచి పూడ్చాలి, పిట్టగోడ మొదట్లో గోలా (మూలను గుండ్రంగా పూడ్చే సిమెంటు అంచు) కట్టించాలి, నీళ్లు తూముల వైపు సాఫీగా వెళ్లేలా వాటం సరిచేయించాలి. చెమ్మ మీద వేసిన పెయింటు బుడగలై లేచిపోతుంది. ఈ పని ఫిబ్రవరిలో మొదలుపెట్టి మార్చి చివరికి ముగించడం మంచిది: అప్పటికి చలికాలపు మంచు తగ్గి స్లాబు బాగా ఆరి ఉంటుంది, ఏప్రిల్ ఎండ పెరిగే నాటికి పూత గట్టిపడి ఉంటుంది. డాబా మీద గది కావలసినవారు స్తంభాలనూ గోడలనూ లేపి, పై భాగానికి తేలికైన స్టీలు ఫ్రేము మీద తీగలతో కట్టిన పెంకులు వేయించుకొని, కింది అంతస్తులోని గదులకు స్లాబు ఉంచుకుంటే, తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున కిందికి దిగి ఉండవచ్చు, మిగతా రోజుల్లో పై గదిలో పడుకోవచ్చు. ఆ ఫ్రేముకు వాడే జీఐ పైపుల చివరలను మూతలతో మూయించి, వెల్డింగు చేసిన ప్రతి చోటా జింకు ప్రైమరు రెండుసార్లు వేయించమని వెల్డరుకు ముందే చెప్పండి, ఎందుకంటే పైపు మీది జింకు పూత కాలిపోయిన ఆ చోట్ల నుంచే తుప్పు మొదలవుతుంది.